రికవరీ వాంగ్మూలాలు, ఫోరెన్సిక్ రిపోర్టుల గురించి హోంమంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ హోంశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను క్రిమినల్ అప్పీళ్లు వాదించే న్యాయవాదిని. కొత్త చట్టం అవసరం లేకుండా, మీ శాఖ ఉత్తర్వుతోనే చక్కబడే ఒక విషయం గురించి రాస్తున్నాను.

పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదని 1872 నుంచి చట్టంలో ఉంది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 23 కూడా అదే చెబుతోంది. అయితే నిందితుడు చెప్పిన మాటల వల్ల ఏదైనా వస్తువు దొరికితే, దానికి నేరుగా సంబంధించిన మాటల వరకు తీసుకోవచ్చు. వాటినే రికవరీ వాంగ్మూలాలు అంటాం. ఆ హద్దు గీసిన పులుకూరి కొట్టయ్య తీర్పు మన గుంటూరు జిల్లా హత్య కేసులో వచ్చిందే. కత్తి ఫలానా చోట దాచానన్న మాట చెల్లుతుంది, దానితోనే పొడిచానన్న మాట చెల్లదు అని అప్పటి బ్రిటిష్ పాలనలో ఆఖరి అప్పీలు కోర్టు అయిన ప్రివీ కౌన్సిల్ తేల్చింది. దాదాపు ఎనభై ఏళ్లవుతోంది. ఇప్పటికీ మధ్యవర్తుల నివేదికల్లో, అంటే సాక్షుల ఎదుట పోలీసులు రాసే పంచనామాల్లో, ఈ రెండు మాటలూ ఒకే పేరాలో, కింద వీఆర్వో సంతకంతో కోర్టుకు వస్తున్నాయి.

ఆ వీఆర్వో నిందితుడి మాటలు చెవులారా విన్నారా, లేక రాసేశాక పిలిస్తే వచ్చి సంతకం పెట్టారా? హైకోర్టుకు తెలిసే దారి లేదు. అప్పీలులో న్యాయమూర్తులు సాక్షి ముఖం చూడరు, కాగితం చదువుతారు. కాగితంలో లేనిది వాళ్ల దృష్టిలో జరగనట్టే. నిందితుడు నోరు విప్పకముందే ఇద్దరు స్వతంత్ర సాక్షులను స్టేషన్‌కు పిలవాలని 2022లో రామానంద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సోదాలు, స్వాధీనాలు వీడియో తీయాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) సెక్షన్ 105 చెబుతోంది. కానీ అసలు వివాదం అంతకు ముందు, స్టేషన్ గదిలో జరిగిన దాని గురించే కదా! నిందితుడు మాట్లాడటం మొదలుపెట్టిన క్షణం నుంచి వస్తువు బయటపడే వరకు తెగని ఒకే వీడియో ఉండాలని ఆదేశించండి. నిజాయితీగా పనిచేసే ఎస్సైకి కూడా అదే రక్ష.

ఇక నిపుణుల సాక్ష్యం. ప్రభుత్వ ల్యాబ్ రిపోర్టును నిపుణుణ్ని బోనెక్కించకుండానే సాక్ష్యంగా వాడుకోవడానికి బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 329 వీలు కల్పిస్తోంది. పని త్వరగా అవుతుంది, నిజమే. కానీ డీఎన్ఏ కలిసింది అన్న ఒక్క వాక్యంతో మనిషికి యావజ్జీవం పడుతుంటే, ఆ వాక్యం ఎలా వచ్చిందో ఎవరో ఒకరు అడగాలి. ఢిల్లీ ఛావ్లా కేసులో మరణశిక్ష పడిన ముగ్గురిని 2022 నవంబరులో సుప్రీంకోర్టు విడుదల చేసింది. డీఎన్ఏ రిపోర్టులకు ఆధారమేమిటో, పరీక్ష పద్ధతులు సరిగా పాటించారో లేదో కింది కోర్టులు చూడనేలేదని తప్పుపట్టింది. ఇదంతా అప్పీలులో అడగాలంటే అదనపు సాక్ష్యం కోసం పిటిషన్ వేయాలి. అప్పటికి ఆ నిపుణుడు రిటైరై ఉంటాడు.

దీని ఖరీదు మన రాష్ట్రానికి తెలుసు. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్‌లో ఒక ఫార్మసీ విద్యార్థినిని చంపేశారు. ఒక యువకుడు నేరం ఒప్పుకున్నాడని పోలీసులు ప్రకటించారు. డీఎన్ఏ కూడా కలిసిందన్నారు. 2010లో శిక్ష పడింది. 2017 మార్చి 31న హైకోర్టు అతన్ని నిర్దోషి అంది. అప్పటికి ఎనిమిదేళ్లకు పైగా జైల్లో ఉన్నాడు. 2018లో దర్యాప్తు సీబీఐ చేతికి వెళ్లేసరికి దాదాపు పదకొండేళ్లు గడిచిపోయాయి. ఆ యువకుడి యవ్వనమే కాదు, కూతురిని పోగొట్టుకున్న తల్లిదండ్రులకు నిజం తెలిసే అవకాశం కూడా ఆ ఏళ్లలో కరిగిపోయింది. నాకు ఇది రెండో అన్యాయంగానే కనిపిస్తుంది.

డీఎన్ఏ నమూనాలు 48 గంటల్లో ల్యాబ్‌కు చేరాలని, అవి ఎవరి చేతుల మీదుగా వెళ్లాయో రిజిస్టర్ ఉండాలని 2025 జూలైలో కట్టవెళ్లై కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ రిజిస్టర్ ప్రతి స్టేషన్‌లో ఉందో లేదో తనిఖీ చేయించండి. రిపోర్టుతో పాటు ల్యాబ్ వర్క్‌షీట్లు, అంటే పరీక్ష ఎలా చేశారో రాసుకున్న కాగితాలు, నిందితుడి లాయరుకు అందేలా చూడండి. హత్య, అత్యాచారం కేసుల్లో నిపుణుణ్ని తప్పకుండా విచారించమని ప్రాసిక్యూటర్లకు చెప్పండి. అన్నిటికంటే ముందు, అప్పీలు పెండింగులో ఉన్న ఏ కేసులోనూ పాత నమూనాలు, వర్క్‌షీట్లు ధ్వంసం చేయొద్దని ఈ నెలలోనే ఒక సర్క్యులర్ ఇవ్వండి.

ఇట్లు,
ఒక క్రిమినల్ న్యాయవాది,
విజయవాడ