ఎళుత్తచ్చన్ పురస్కారం: ఆడవాళ్ల లెక్క ఎవరు అడగాలి?

సంపాదకుడు గారికి,

మలయాళ రచయిత ఎన్.ఎస్. మాధవన్ గారికి 2024 ఎళుత్తచ్చన్ పురస్కారం ప్రకటించిన వార్త మీ పత్రికలో చూశాను. ఆయన అర్హులే, ఆయన కథలు చదివినవాళ్లెవరూ కాదనరు. నా బాధల్లా కేరళ ప్రభుత్వం ఇచ్చే అతి పెద్ద సాహిత్య గౌరవాన్ని మీరు నాలుగు ముక్కల్లో తేల్చేసి, అందులోనూ సగం ఐదు లక్షల నగదు గురించే రాయడం. 2017లో లక్షన్నరను ఐదు లక్షలు చేశారు, సంతోషం. మరి ఆ డబ్బు ఎవరి చేతికి వెళుతోందో ఎవరైనా చూశారా?

1993 నుంచి ఏటా ఇస్తున్నారు. ఇన్నేళ్లలో అందుకున్న ఆడవాళ్లు ఐదుగురంటే ఐదుగురే. 1995లో బాలామణియమ్మ, 2002లో ఆవిడ కూతురు కమలా సురయ్య (కమలా దాస్), 2009లో సుగతకుమారి, ఆ మరుసటేడు ఎం. లీలావతి, 2021లో పి. వత్సల. తల్లీకూతుళ్లిద్దరికీ దక్కిందని మురిసిపోతాం గానీ, ఐదింట్లో రెండు ఒకే ఇంటికి వెళ్లాయంటే మిగతా రచయిత్రులందరికీ మిగిలింది మూడే. లీలావతి గారి తర్వాత వరసగా పదేళ్లు ఒక్క స్త్రీ పేరూ లేదు! సారా జోసెఫ్ లాంటి రచయిత్రులున్న భాషలో ఇదేం న్యాయమండీ?

వత్సల గారి సంగతే చూడండి. వయనాడు ఆదివాసుల బతుకు మీద ఆవిడ 'నెల్లు' నవల పుస్తకంగా వచ్చింది 1972లో. రెండేళ్లకే సినిమా కూడా అయింది. ప్రభుత్వానికి మాత్రం దాదాపు యాభై ఏళ్లు పట్టింది. పురస్కారం ఇచ్చిన రెండేళ్లకు, 2023 నవంబరులో, ఆవిడ వెళ్లిపోయారు.

మనవాళ్లు మాత్రం ఏం తక్కువ తిన్నారు? జ్ఞానపీఠం తెలుగుకు మూడుసార్లు, మలయాళానికి ఆరుసార్లు వచ్చింది, ఆ తొమ్మిది మందిలో ఒక్క ఆడమనిషి లేదు. ఎక్కడైనా అధికారులకు సభ, శాలువా, ఫొటో ఉంటే చాలు. బతికున్నప్పుడు పట్టించుకోరు, పోయాక ప్రభుత్వ లాంఛనాలంటారు, చూసి చూసి విసుగొస్తోంది.

వచ్చే నవంబరులో మళ్లీ ఇంకో పేరు ప్రకటిస్తారు. అప్పుడైనా నగదు ఎంతో రాసి ఊరుకోకుండా, ఎంపిక కమిటీలో ఆడవాళ్లు ఎందరున్నారో, ఏయే రచయిత్రుల పేర్లు పరిశీలనకు వచ్చాయో కేరళ సాహిత్య అకాడమీని అడిగి రాయండి. చోటు లేదని మాత్రం అనకండి, సినిమావాళ్ల పెళ్లిళ్లకు పేజీలకు పేజీలు దొరుకుతున్నాయి.

— ఒక పాఠకురాలు, ఎర్నాకుళం