తోటరాముడి తల్లి గురించి మంత్రిగారికి ఒక లేఖ

ఆంధ్రప్రదేశ్ సాంస్కృతిక, సినిమాటోగ్రఫీ శాఖ మంత్రిగారికి,

నమస్కారం. ‘పాతాళభైరవి’లో తోటరాముడి తల్లి మీకు గుర్తుండే ఉంటుంది. తెలుగు టాకీల్లో మొదటి కథానాయిక ఆవిడేనని చెబితే మా ఇంట్లో పెద్దవాళ్లే నమ్మలేదు. ఆవిడ సురభి కమలాబాయి.

దమయంతి వేషంలో ఉన్న కమలాబాయి తల్లికి నాటకం మధ్యలో నొప్పులు వస్తే, తెర దించేసి అక్కడే పురుడు పోశారని చెప్పుకుంటారు. సురభి నాటక కుటుంబాల్లో నమ్మదగిన మాటే. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచక వధ’తో మొదలైన నాటక సమాజం అది. మగవాళ్లు చీర కట్టుకుని ఆడ వేషాలు వేసే రోజుల్లో ఆడవాళ్లతోనే ఆడ వేషాలు వేయించారు. పిల్లలకు బడి, ఆటస్థలం అన్నీ రంగస్థలమే. కమలాబాయి కూడా చిన్నప్పుడు కృష్ణుడు, ప్రహ్లాదుడు లాంటి బాలవేషాలు వేసింది.

1932 ఫిబ్రవరి 6న విడుదలైన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో ఆమె లీలావతి. ఎడిటింగులో సర్దుకుందాం, పాట ఇంకొకరు పాడతారు అనుకునే వీల్లేని కాలం. నటిస్తూనే, అక్కడికక్కడే, మైకుకు అందేలా పాడాలి. రాత్రంతా పద్యాలు పాడి అలవాటైన గొంతు కాబట్టే దర్శకుడు హెచ్.ఎం. రెడ్డిగారి కెమెరా ముందు నిలబడగలిగింది. అదే ఏడాది శకుంతల అయింది, సీత కూడా అయింది.

ఆ మొదటి టాకీ ప్రింటు ఇప్పుడు లేదు. దాన్ని మీరు తెచ్చివ్వలేరు, నేనూ అడగను. విగ్రహం అంతకన్నా వద్దు.

2032కి తెలుగు టాకీకి నూరేళ్లు. కటౌట్లు, సన్మానాలు ఎలాగూ ఉంటాయి. ఆలోగా సురభి కుటుంబాల్లోని పెద్ద వయసు నటీమణుల చేత వాళ్ల చిన్ననాటి సంగతులు చెప్పించి, రికార్డు చేయించండి. ఏ వయసులో ముఖానికి రంగు వేశారు, పద్యం ఎవరు నేర్పారు, చంటిబిడ్డను వింగ్‌లో ఎవరికి అప్పగించి స్టేజీ ఎక్కారు... ఇవి ఏ పుస్తకంలోనూ సరిగ్గా దొరకవు, వాళ్ల నోటనే వినాలి.

చాలా కుటుంబాలు హైదరాబాద్ లింగంపల్లి దగ్గర సురభి కాలనీలో ఉన్నాయి. పక్క రాష్ట్రం కదా అని ఫైలు ఆగిపోతుందేమోనని నా టెన్షన్. ఇద్దరు మనుషులు, ఒక కెమెరా చాలు సార్. ఈ ఏడాదే పంపించండి.

ఇట్లు,
ఒక నాటకాభిమాని