కంపెనీ పెట్టిన ఇంజిన్ మేం పెడితే నేరమా? రవాణా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ రవాణా శాఖ మంత్రి గారికి నమస్కారం.

బస్సు రూటు గురించో, లైసెన్సు కార్డు రాలేదనో రాయడం లేదండీ. మా ఇంట్లో 1986 మోడల్ కాంటెస్సా కారు ఒకటి ఉంది, దానికి అదే కంపెనీ బలమైన ఇంజిన్ మార్చుకుందామంటే రూలు ఒప్పుకోవడం లేదు, దాని గోడు ఇది. కాంటెస్సా స్పోర్ట్స్ కారేంటి అని నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు. కానీ అంబాసిడరూ ఫియటూ తప్ప వేరే దిక్కులేని రోజుల్లో పొడుగు బానెట్టుతో, ఎదురొస్తుంటే పక్కకి తప్పుకోవాలనిపించే వెడల్పుతో మనకి దక్కిన స్పోర్ట్స్ కారు అదే. అసలు పుట్టిల్లు ఇంగ్లండు, అక్కడ వాక్స్‌హాల్ వాళ్ల కారు. దాని అచ్చులు కొనుక్కొచ్చి హిందుస్థాన్ మోటార్స్ బెంగాల్లో, ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో 1984 నుంచి 2002 దాకా తయారుచేసింది.

చిక్కు ఎక్కడంటే, అంత ఒళ్లున్న బండికి మొదట్లో పెట్టింది అంబాసిడర్ ఇంజినే. 1489 సీసీ, అటూ ఇటుగా 50 హార్స్ పవర్, నాలుగు గేర్లు. మా నాన్న 1994లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు, మరుసటి ఏడాది ఐదుగురం ఎక్కి శ్రీశైలం బయల్దేరాం. దోర్నాల దాటి ఘాట్ మొదలయ్యేసరికి రెండో గేరు, ఇంకాసేపటికి ఒకటో గేరు, వెనకాల ఆర్టీసీ బస్సు హారన్, కళ్లెదురుగా టెంపరేచర్ ముల్లు ఎర్రగీత మీద. ఆపక తప్పలేదు. నాన్న తడి తువ్వాలు చేతికి చుట్టుకుని రేడియేటర్ మూత కొంచెం కొంచెంగా తిప్పుతుంటే ఆవిరి బుస్సుమని లేచింది, మేం తాగడానికి తెచ్చుకున్న క్యాన్ నీళ్లన్నీ అదే తాగేసింది. పక్కనుంచి పోతున్న బస్సులోంచి ఎవరో "తొయ్యండి, తొయ్యండి" అని అరిచారు. ఆ మాట నాన్న చివరిదాకా మర్చిపోలేదు.

ఈ నీరసం సంగతి కంపెనీకి తెలియక కాదు. 1980ల చివర్లోనే అదే బాడీలో ఇసుజు వాళ్ల 1817 సీసీ పెట్రోల్ ఇంజిన్, ఐదు గేర్ల బాక్సు పెట్టి కాంటెస్సా క్లాసిక్ అని అమ్మింది. 88 హార్స్ పవర్! నడిపినవాళ్లని అడగండి, అది వేరే బండి. ఆ తర్వాత 1990ల్లో అదే ఇసుజు ఇంజిన్ని కాస్త పవర్ తగ్గించి అంబాసిడర్‌కి కూడా పెట్టారు. అంటే పాత బండికి బలమైన ఇంజిన్ మార్చడం అనే పని స్వయంగా కంపెనీయే, ఒకసారి కాదు రెండుసార్లు చేసింది. అప్పుడు ఆకాశం ఏం విరిగి మీద పడలేదు.

నాన్న పోయాక బండి నా చేతికొచ్చింది. విజయవాడ ఆటోనగర్లో మా మేస్త్రీ ఒకాయన ఉన్నారు, కాంటెస్సా ఎంత దూరంలో ఉన్నా చప్పుడు విని ఏ ఇంజినో చెప్పగలరు. తుక్కుకి పోతున్న క్లాసిక్ ఒకటి దొరికిందని ఆయనే ఫోన్ చేశారు. ఇంజిన్, గేర్ బాక్సు, రేడియేటర్, ఇంజిన్ని మోసే క్రాస్ మెంబర్, ప్రొపెల్లర్ షాఫ్టు, బ్రేకు సామానుతో సహా మొత్తం సెట్టు కొనేశాను. "బాబూ, అన్నీ కంపెనీవే. మౌంటింగులు వెతుక్కునే పనిలేదు, వెల్డింగు గొడవ లేదు. విప్పడం, బిగించడం, అంతే" అన్నారాయన. నేనే ఆగమన్నాను. ముందు కాగితం పని చూసుకుని వస్తానన్నాను. అదిగో, అక్కడే నా తెలివి తెల్లారింది.

రవాణా ఆఫీసులో ఉన్నాయన మంచివాడే, కూర్చోబెట్టి చెప్పాడు. "ఏవండీ, మీ ఆర్సీలో 1489 అని ఉంది, మీరు 1817 అంటున్నారు. అదే రకం ఇంజిన్ అయితే పర్మిషన్ తీసుకుని మార్చుకోండి, కొత్త నంబరు ఎక్కిస్తాం. ఇది కుదరదు." మరి అదే కంపెనీ అదే కారుకి పెట్టిందే కదండీ అంటే, "నిజమే, మీ కారుకి పెట్టలేదుగా" అన్నాడు. తప్పు ఆయనది కాదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అలాగే ఉంది: తయారీదారు ఇచ్చిన వివరాలకీ ఆర్సీకీ తేడా వచ్చేలా ఏ మార్పూ చేయకూడదు. కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరిలో అదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరించిన చట్టంలో 182ఏ సెక్షన్ ప్రకారం ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదంటే రెండూ.

ఇందులో తమాషా చూడండి. అదే 52వ సెక్షన్ కింద, నా బండిలో ఇంజిన్ మొత్తం పీకి పారేసి, డిక్కీ నిండా బ్యాటరీలు పేర్చి, ముందు మోటారు బిగించుకుంటే దానికి దారి ఉంది. ఆమోదించిన కిట్ అయితే చాలు. సీఎన్‌జీ సిలిండర్ పెట్టుకున్నా సరే. గుండె తీసేసి వేరే జాతి గుండె పెట్టొచ్చు, అన్న గుండె తమ్ముడికి పెట్టకూడదు. ఎలక్ట్రిక్ మీద నాకేం కోపం లేదు, రోజూ ఆఫీసుకి ఎలక్ట్రిక్ స్కూటర్ మీదే పోతాను. కానీ శతాబ్దం నాటి బండ్లకే కాదు, నలభై ఏళ్ల బండికి కూడా చప్పుడే ప్రాణం. అది నాకు తెలుసు, మీకూ తెలిసే ఉంటుంది.

పోనీ వింటేజ్ కింద నమోదు చేసుకుందామా అంటే 2021లో తెచ్చిన ఆ నిబంధనలకి 50 ఏళ్లు నిండాలి, ఛాసీలో (బండి చట్రంలో) గానీ ఇంజిన్లో గానీ పెద్ద మార్పులేవీ ఉండకూడదు. నా కారుకి 50 నిండేది 2036లో. అప్పుడూ ఇంజిన్ మాత్రం అదే ఉండాలి. ఈలోగా ఇరవై ఏళ్లు దాటిన కారు రెన్యువల్ ఫీజు 10,000 రూపాయలు చేశారు, సరే, కడతాను.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. ఆ ఆఫీసు గేటు బయటికి రాగానే ఓ ఏజెంటు వెంటపడ్డాడు. లోపల మాట్లాడిందంతా వాడికి ఎలా తెలిసిందో నన్నడక్కండి. "సార్, ఎందుకు టెన్షన్? ఇంజిన్ మార్చేసుకోండి. కొత్తదాని మీద నంబరు గ్రైండర్‌తో లేపేసి మీ పాత నంబరు పంచ్ కొట్టించేద్దాం. వీళ్లు చూసేది ఛాసీ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తీసే ప్రింటే కదా." అక్షరాల పంచ్‌లు ఏ సైజు కావాలో, సుత్తి దెబ్బ ఎంత బలంగా వేస్తే పాతదానిలా కనిపిస్తుందో, ఆ తర్వాత రెండ్రోజులు ఉప్పునీళ్లు రాసి తుప్పు ఎలా పట్టించాలో కూడా చెప్పాడు. చేతివృత్తి అనుకోండి.

నేను ఒప్పుకోలేదు, ఆ పని దొంగబండ్ల వాళ్లు చేసేది. కానీ ఒప్పుకున్నవాళ్లు ఎంతమంది ఉంటారో మీరే ఆలోచించండి. వాళ్ల బండ్లు ఇవాళ హైవే మీద తిరుగుతున్నాయి. వాటిలో పెట్టిన ఇంజిన్ ఏంటో ఆర్సీలో లేదు, ఇన్సూరెన్సు కాగితంలో లేదు, బలానికి తగ్గట్టు బ్రేకులు మార్చారో లేదో చూసిన ఇన్‌స్పెక్టర్ లేడు. రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు కంపెనీ చేతులెత్తేయడానికి ఆ ఒక్క దొంగ నంబరు చాలు. చట్టం వద్దన్నందువల్ల ఇంజిన్లు మారడం ఆగలేదు, కనిపించకుండా పోయింది. కాగితం అడిగిన నాలాంటి వెర్రివాడి బండే షెడ్లో ఉంది.

మీ అధికారులు చెప్పే అభ్యంతరాలు నాకు తెలుసు. కుర్రాళ్లు రేసులు పెడతారు, చప్పుడు చేస్తారు అంటారు. చప్పుడు చేసే సైలెన్సర్లని మన రాష్ట్రంలో పోలీసులు రోడ్డు రోలర్ కింద తొక్కించినప్పుడు చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను, మా వీధిలో పసిపిల్లలున్న ఇళ్లున్నాయి. ఇక మార్చిన ఇంజిన్ ప్రమాదం కాదా అంటే, సరిగ్గా చెయ్యకపోతే ప్రమాదమే. 50 హార్స్ పవర్‌కి సరిపోయే బ్రేకులు 88కి సరిపోకపోవచ్చు, ఇంకో పిచ్చోడెవడో 300 హార్స్ పవర్ జపాన్ ఇంజిన్ దిగుమతి చేసుకుని దూరిస్తే స్టీరింగు, యాక్సిల్ కూడా చాలవు. కాబట్టే చూడమంటున్నాను. చూడకుండా వదిలెయ్యమని అడగడం లేదు.

బయట ఎలా చూస్తారో రెండు మాటల్లో చెప్తా. బ్రిటన్లో ఏళ్ల తరబడి ఓ మార్కుల లెక్క నడిచింది: మార్చిన కారుకి పాత నంబరు ఉంచాలంటే అసలు భాగాలకి 8 మార్కులు రావాలి. ఛాసీకి 5, స్టీరింగుకి 2, యాక్సిళ్లకి 2, అలా. ఇంజిన్‌కి ఎంతో తెలుసా? ఒకటి. కాలిఫోర్నియాలో మార్చే ఇంజిన్ బండికంటే పాతది కాకూడదు, దాని పొగ నియంత్రణ సామానంతా దాంతోపాటే రావాలి, ప్రభుత్వం తరఫున పరీక్షించే ఓ రెఫరీ చూసి ముద్ర వెయ్యాలి. జర్మనీలో ఒక్కో బండిని ఇంజినీరు పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తాడు. ఎవరూ తలుపు మూసెయ్యలేదు, తలుపు దగ్గర ఒక మనిషిని నిలబెట్టారు.

మన చట్టంలోనూ ఆ తలుపు ఉందండీ, తాళమే తియ్యలేదు. 52వ సెక్షన్‌లోనే ఇంకో మాట ఉంది: ఏదైనా నిర్దిష్ట అవసరానికి ఇతర మార్పులకి కూడా కేంద్ర ప్రభుత్వం మినహాయింపు ఇవ్వొచ్చు అని. కొత్త చట్టం అక్కర్లేదు, పార్లమెంటు అక్కర్లేదు. మోటారు వాహనాలు ఉమ్మడి జాబితాలో (కేంద్రం, రాష్ట్రం రెండూ చట్టం చెయ్యగల జాబితాలో) ఉన్న విషయం, కాబట్టి రాష్ట్రం కూడా కేంద్రాన్ని అడగొచ్చు. మీరు ఒక్క ఉత్తరం రాయండి. ఒకే తయారీదారు ఒకే మోడల్‌కి పెట్టి అమ్మిన ఇంజిన్ అయితే, దాంతోపాటు ఆ మోడల్ బ్రేకులూ గేర్ బాక్సూ మార్చినట్టు చూపిస్తే, ఆర్సీలో సీసీ మార్చి రాయమనండి. మొదటి మెట్టుగా ఇదొక్కటే అడుగుతున్నా. వేరే కంపెనీ ఇంజిన్ల సంగతి తర్వాత చూసుకోవచ్చు, వాటికి ఫీజు ఎక్కువ పెట్టండి, పవర్‌కి హద్దు పెట్టండి, వద్దనుకుంటే వద్దనండి.

పరీక్షకి కొత్త యంత్రాలు కూడా కొనక్కర్లేదు. ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్లలో చక్రాలు రోలర్ల మీద తిప్పి బ్రేకులు చూసే మెషిన్లు ఉంటాయి. పొగ పరీక్ష ఎటూ ఉంది. దొంగ ఇంజిన్ కాదని తేల్చడానికి అది వచ్చిన తుక్కు బండి ఆర్సీ రద్దు కాగితం అడగండి, నా దగ్గర ఉంది. పాత ఇంజిన్ని మీ ఎదుటే జమ చెయ్యమంటే చేస్తాను, కాకపోతే మా నాన్న గుర్తుగా దాని ఎయిర్ క్లీనర్ మూత ఒక్కటీ ఉంచుకుంటాను, దాని మీద ఆయన పెయింటుతో రాసిన ఆయిల్ మార్చిన తేదీ ఉంది.

ఇసుజు ఇంజిన్ ప్రస్తుతం ఆటోనగర్ షెడ్లో టార్పాలిన్ కింద ఉంది. లోపల బిగుసుకుపోకుండా నెలకోసారి మేస్త్రీ గారు సిలిండర్లలో కాస్త ఆయిల్ పోసి చేత్తో తిప్పుతున్నారు. ఆయనకి డెబ్బై దాటాయి, "నా చేతుల్లో ఉండగా తెమిల్చెయ్ బాబూ" అంటున్నారు. మీరో, మీరు పంపిన ఇన్‌స్పెక్టరో ఎప్పుడొచ్చినా రెండు ఇంజిన్లూ పక్కపక్కన పెట్టి చూపిస్తాం. బండికి బ్యాటరీ విప్పి ఉంది, ఒకరోజు ముందు కబురు పెడితే బిగించి స్టార్ట్ చేసి ఉంచుతాం.

ఇట్లు,
ఒక కాంటెస్సా ఓనరు,
విజయవాడ