కార్బొరేటర్ అప్పుడే మార్చకు

విజయవాడ

చిరంజీవి బుజ్జికి నాన్న ఆశీస్సులు.

రాత్రి ఫోన్లో నువ్వు చెప్పినదే ఆలోచిస్తూ పడుకున్నాను. పొద్దున కారు స్టార్టవుతోంది కానీ, పది నిమిషాలు నడిచాక కూడా నల్ల పొగ, పెట్రోలు వాసన, సిగ్నల్ దగ్గర ఆగిపోవడం. మెకానిక్ పెట్రోలునీ గాలినీ కలిపే కార్బొరేటరే మార్చమన్నాడని టెన్షన్ పడుతున్నావు. అప్పుడే డబ్బు కట్టకు తల్లీ. నా అనుమానం చోక్ మీద, అంటే ఇంజను చల్లగా ఉన్నప్పుడు స్టార్టవడానికి గాలి తగ్గించే మూత మీద.

మన అంబాసిడర్‌కి చోక్ చేత్తో లాగేవాణ్ణి, ఇంజను వేడెక్కగానే లోపలికి నెట్టేవాణ్ణి. నెట్టడం మరిచిన రోజు అచ్చం ఇదే పొగ, ఇదే వాసన. నీ 1971 బీటిల్‌లో ఆ పని ఒక స్ప్రింగు చేస్తుంది. నువ్వు పంపిన ఫోటోలో కార్బొరేటర్ పక్కన గుండ్రటి మూత కనిపించింది, అందులో ఉంటుంది. తాళం తిప్పగానే ఇగ్నిషన్ కాయిల్ దగ్గర్నుంచి 12 వోల్టుల కరెంటు వచ్చి దాన్ని వేడి చేస్తుంది. వేడికి స్ప్రింగు మెలి వదిలి, గాలి దారికి అడ్డంగా ఉన్న చోక్ రేకుని, అదే బటర్‌ఫ్లైని, మెల్లగా తెరుస్తుంది. వేడి అందకపోతే అది మూసుకునే ఉంటుంది. గాలి చాలదు, పెట్రోలు ఎక్కువవుతుంది.

ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఎయిర్ క్లీనర్ తీసి, యాక్సిలరేటర్ ఒక్కసారి నొక్కి వదులు. బటర్‌ఫ్లై మూసుకోవాలి. స్టార్ట్ చేశాక కొద్ది నిమిషాల్లో నిలువుగా తెరుచుకోవాలి. తెరుచుకోకపోతే ఇంజను ఆపి మూత మీది వైరు పీకు. తాళం తిప్పి, ఆ వైరు కొసకి టెస్ట్ ల్యాంప్ (కరెంటు వస్తే వెలిగే బల్బు) పెట్టు. కొస ఇంజనుకి తగలనివ్వకు. బల్బు వెలగలేదంటే వైరు తెగిందో, వదులైందో. బల్బు వెలిగి, వైరు తగిలించి నడిపినా మూత చల్లగానే ఉంటే లోపలి హీటర్ పోయినట్టు. మూత వేడెక్కినా బటర్‌ఫ్లై కదలకపోతే దాని ఇరుసుకి జిడ్డు పట్టి ఉంటుంది, కార్బొరేటర్ క్లీనర్ స్ప్రే కొట్టు.

హీటర్ మూత విడిగా దొరుకుతుంది. పాత బీటిల్‌లకు 6 వోల్టులవి ఉండేవి, కాబట్టి 12 అని ఉన్నదే తీసుకో. మూడు స్క్రూలు విప్పే ముందు మూత గాటు ఏ గీతకి ఎదురుగా ఉందో ఫోటో తీసుకో. బిగించేటప్పుడు స్ప్రింగు కొక్కెం లోపలి లివరుని పట్టుకోవాలి, అది తప్పితే పడ్డ శ్రమంతా వృథా.

ఇన్నాళ్లూ పెట్రోలు ఆయిల్‌లోకి దిగి ఉండొచ్చు. డిప్‌స్టిక్ తీసి వాసన చూడు, పెట్రోలు వాసనొస్తే ఆయిల్ మార్చేయి.

ఎంత చలి ఉన్నా కారు గరాజ్ బయట పెట్టే ఈ పని చెయ్యి. ఆ పొగ ప్రాణం తీస్తుంది. జడ గట్టిగా ముడి వేసుకో, బెల్టు పక్కనే తిరుగుతుంటుంది. మొదలుపెట్టేటప్పుడు వీడియో కాల్ చెయ్యి. మీకు పొద్దునంటే మాకు సాయంత్రమే కదా, ఫోన్ దగ్గరే ఉంటాను.

నాన్న