బంగాయ్ కార్డినల్ ఆర్డర్ ఇచ్చేవారికి: ఇకపై హ్యాచరీ పిల్లలే

సముద్రంలో పట్టి తెచ్చిన బంగాయ్ కార్డినల్ అనే అక్వేరియం చేపల్ని మేము ఇక అమ్మం. మా దగ్గర దొరికేవి హ్యాచరీలో పుట్టి పెరిగినవే. దీనివల్ల మీకు కొంత ఇబ్బంది తప్పదు. చేప చిన్నదిగా వస్తుంది, 3 నుంచి 4 సెంటీమీటర్లు. ధర పెరుగుతుంది. ఆర్డర్ ఇచ్చాక కొన్ని వారాలు ఆగాలి.

మా ట్యాంకుల్లోని మిగతా సముద్రపు చేపల్లో చాలావరకు ఇంకా పట్టి తెచ్చినవే. మరి ముందుగా దీన్నే ఎందుకు ఆపామని అడుగుతారు. ఇండోనేషియాలో సులవేసికి తూర్పున ఉన్న బంగాయ్ దీవుల చుట్టూ తప్ప ఇది సహజంగా ఇంకెక్కడా లేదు. చాలా సముద్రపు చేపల గుడ్లో, పిల్లలో ప్రవాహంలో కొట్టుకుపోయి దూరపు పగడపు దిబ్బలకు చేరతాయి. ఒకచోట ఖాళీ అయినా మరోచోటు నుంచి నిండుతుంది. బంగాయ్ కార్డినల్‌కు ఆ దశే లేదు. మగది గుడ్లను నోట్లో పెట్టుకుని పొదుగుతుంది, పిల్లలు నోట్లోంచి బయటికొచ్చిన చోటే ఉండిపోతాయి. కొద్ది కిలోమీటర్ల దూరంలోని గుంపులు కూడా జన్యుపరంగా వేర్వేరు. అందుకే ఒక దిబ్బను ఊడ్చేస్తే అది పక్క దిబ్బ నుంచి నిండదు. పైగా పిల్లలు దాక్కునేది సీ అర్చిన్‌లనే పొడవు ముళ్ల గుండ్రటి సముద్ర జీవుల మధ్య, పువ్వుల్లా కనిపించే సీ అనిమోనీ జీవుల్లో. వాటినీ జనం ఏరుకుపోతున్నారు.

2007లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ దీన్ని అంతరించే ప్రమాదమున్న జాతుల్లో చేర్చింది. అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం సైటిస్. దాని కిందికి ఈ చేపను తేవాలని అదే ఏడాది వచ్చిన ప్రతిపాదనలో ఏటా 7 నుంచి 9 లక్షల చేపల్ని పడుతున్నారని అంచనా వేశారు. ఆ ప్రతిపాదన నెగ్గలేదు. 2018లో ఇండోనేషియా ప్రభుత్వం పరిమిత రక్షణ ప్రకటించి, ఏడాదిలో కొన్ని నెలలు వేట ఆపింది. వేట మీదే బతికే దీవుల వాళ్ల సంగతేమిటని ఒకరిద్దరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. లెక్కప్రకారం పట్టి, ఏ దిబ్బ నుంచి వచ్చిందో చెప్పగలిగే సరుకు దొరికితే మళ్లీ ఆలోచిస్తాం. ఇప్పుడు మాకు వచ్చే పెట్టెల మీద ఆ వివరం ఉండదు.

పట్టి తెచ్చిన చేపతో ఇంకో బెడద ఇరిడోవైరస్ అనే వైరస్ జబ్బు. చేప మేత మానేస్తుంది, రంగు నల్లబడుతుంది, తెల్లటి దారంలా మలం వేలాడుతుంది, ఊపిరి వేగంగా తీస్తుంది. మందు లేదు. హ్యాచరీ చేపకూ ఇది సోకవచ్చు, అందుకే వచ్చిన ప్రతి బ్యాచ్‌నూ 30 రోజులు విడిగా ఉంచుతాం, దాని వల, గొట్టం వేరే ట్యాంకులో ముంచం. మీరు ఆగే వారాల్లో ఎక్కువ భాగం ఇదే.

ఇంకెక్కడైనా కొంటే హ్యాచరీ పేరు, పిల్లలు పుట్టిన నెల అడగండి. ఒకే ఈడు చిన్న చేపలై, పొడి మేత వెంటనే తింటుంటే నమ్మవచ్చు. 7, 8 సెంటీమీటర్ల పెద్దవి కుప్పలుగా ఉంటే అనుమానించండి.

ఈ చేపను ఇంట్లో కూడా పిల్లలు పెట్టించవచ్చు, సముద్రపు చేపల్లో ఇంత తేలికైనవి తక్కువ. చిన్నవి ఐదారు కలిపి పెంచండి. జత కట్టగానే మిగతావాటిని తీసేయండి, లేకపోతే ఆ జత వాటిని తరిమి చంపుతుంది. మగదాని దవడ కింద ఉబ్బి, మేత మానేస్తే నోట్లో గుడ్లున్నట్టే. తేదీ రాసుకోండి. మొదటిసారి తండ్రైన చేప తొలి రోజుల్లో గుడ్లు మింగేయడం మామూలే, రెండు మూడు విడతల్లో నేర్చుకుంటుంది. 20వ రోజు దాటాక దాన్ని 40 లీటర్ల వేరే ట్యాంకులోకి మార్చండి. వల వాడొద్దు, బెదిరితే ఉమ్మేస్తుంది. దీపాలు ఆర్పి, డబ్బాతో నీళ్లతో సహా ముంచి తీయండి. ఆ ట్యాంకులో స్పాంజి ఫిల్టర్, ప్లాస్టిక్ ముళ్ల అర్చిన్ ఒకటి, 26 డిగ్రీల వేడి చాలు.

సుమారు నాలుగు వారాలకు పిల్లలు బయటికొస్తాయి, సాధారణంగా 20 నుంచి 40. వెంటనే తండ్రిని తీసేయండి, లేకపోతే తినేస్తుంది. నెల రోజులు పస్తున్న చేప అది. ఆడదాని దగ్గరికి చేర్చకుండా రెండు వారాలు విడిగా మేపండి.

ఎక్కువమంది పిల్లల్ని పోగొట్టుకునేది మేత దగ్గరే. గుడ్లలోంచి అప్పుడే బయటికొచ్చిన ఆర్టీమియాను (మేతగా వాడే అతి చిన్న ఉప్పునీటి రొయ్య లాంటి జీవి) పిల్లలు మొదటి రోజే తింటాయి, కడుపులూ నిండుతాయి. కానీ అందులో ఒమేగా-3 కొవ్వులు చాలవు. రెండు మూడు వారాలకు, దీపం వేయగానే ఉలిక్కిపడి, గిలగిల కొట్టుకుని చచ్చిపోతాయి. నీళ్లు బాగోలేవని పొరబడి నీళ్లు మార్చేస్తారు, ఆ కుదుపుకు ఇంకొన్ని పోతాయి. ఆర్టీమియా గుడ్డులోంచి వచ్చాక సుమారు 12 గంటలకు గానీ నోరు తెరవదు. అప్పుడు కొవ్వు ఆమ్లాల ద్రావణంలో మరో 12 గంటలు ఉంచి, కడిగి, రోజుకు మూడు నాలుగుసార్లు వేయండి. రాత్రంతా ఒక చిన్న దీపం వెలిగి ఉండనివ్వండి.

3 సెంటీమీటర్లు దాటి పొడి మేత తింటున్న మీ పిల్లల్ని మేము కొంటాం. తెచ్చేముందు పుట్టిన తేదీ, తల్లిదండ్రుల్ని ఎక్కడ కొన్నారో రాసి పంపండి. ముందుగా వచ్చిన పేర్ల వరుసలోనే కొత్త ఆర్డర్లు పంపిస్తాం.