చెంపలో మచ్చ, సీసాలో తేనె

శ్రీకాకుళం,
ఆదివారం రాత్రి

చిన్నా,

నిన్న ఫోన్‌లో మాటల్లో మాటగా అనేశావు. కుడి చెంప లోపల తెల్లమచ్చ వచ్చిందని, కారం తగిలితే మండుతోందని, రెండు పూటలా తేనె రాస్తున్నానని. తేనె నోటి క్యాన్సర్‌ని కూడా చంపుతుందట, వీడియోలో చూశానన్నావు. అంతలోనే ఆఫీసు కాల్ వస్తోందని పెట్టేశావు. క్యాన్సర్ అన్న మాట నేను ఎత్తలేదు నాన్నా, నువ్వే ఎత్తావు. లోపల ఎక్కడో భయం లేకపోతే ఆ వీడియో వెతుక్కుని ఎందుకు చూస్తావు?

మళ్ళీ ఫోన్ చేసి చెబుదామంటే సగంలో "సరేలే అమ్మా" అంటావు. అందుకే కాగితం పట్టుకున్నాను.

ముందు ఒక సంగతి. నీ ఖైనీ పొట్లం నాకు సంక్రాంతికే దొరికింది. ప్యాంటు ఉతకడానికి వేస్తూ జేబు తడిమితే వచ్చింది. మీ నాన్నకి చెప్పలేదు. పండగ పూట ఎందుకు గొడవని నేనూ ఊరుకున్నాను. అది నా తప్పే. ఇప్పుడు అడుగుతున్నాను, నిజం చెప్పు: దాన్ని పెట్టేది ఆ కుడి చెంపలోనే కదా?

ఇక తేనె సంగతి. ఆ వీడియో మొత్తం అబద్ధమని నేను అనను. ముప్పై ఏళ్ళు నర్సుగా చేసి, అందులో పదకొండేళ్ళు రేడియేషన్ వార్డులో ఉన్నదాన్ని, తేనెని చిన్నచూపు చూడలేను. మలేసియాలో తువాలాంగ్ అనే పెద్ద పెద్ద చెట్లుంటాయి. వాటి కొమ్మలకి వేలాడే పట్టుల నుంచి తీసిన తేనె మీద అక్కడివాళ్ళు పరిశోధన చేసి 2010లో అచ్చువేశారు. ఆ పట్టు పెట్టే ఈగ ఏదనుకున్నావు? మన సీతంపేట కొండల్లో చెట్లకి పెద్ద పట్టు పెట్టే ఈగ జాతే. నోటి క్యాన్సర్ కణాలని గాజు పళ్ళేల్లో పెంచి, వాటి మీద తేనె కలిపిన ద్రావణం పోశారు. అందులో తేనె నూటికి నాలుగు పాళ్ళు ఉండేసరికి సగానికి సగం కణాలు దెబ్బతిన్నాయి. క్రైసిన్, క్వెర్సెటిన్ లాంటి పదార్థాలు తేనెలో ఉంటాయి, క్యాన్సర్ కణాల మీద వాటి ప్రభావాన్ని విడివిడిగా కూడా చాలా చోట్ల పరీక్షించారు. ఇదంతా నిజమే.

కానీ గాజు పళ్ళెంలో కణాలు గంటల తరబడి ఆ ద్రావణంలోనే నానుతాయి. పారిపోవడానికి వాటికి చోటు లేదు. నీ నోరు అలాంటిదా? రోజుకి సుమారు లీటరు లాలాజలం ఊరే నోరు అది. వేలితో రాసిన తేనె ఎంతసేపు నిలుస్తుంది? రెండు గుటకల్లో కడుపులోకి పోతుంది. పైగా పాడైన కణాలు చర్మం పొర అడుగు దాకా ఉండొచ్చు. పైన పూసింది అక్కడికి దిగాలి కదా. పళ్ళెంలో కణాలు చావడం వేరు, మనిషి నోట్లో మచ్చ మానడం వేరు. తేనె రాసి నోటి క్యాన్సర్ నయం చేసినట్టు మనుషుల మీద ఎవరూ నిరూపించలేదు. వీడియో వాళ్ళు ఈ మాట చెప్పరు.

తేనె పనికొచ్చే చోటు నేను కళ్ళారా చూశాను. నోటికీ గొంతుకీ రేడియేషన్ ఇస్తే రెండు మూడు వారాలకి నోరంతా పూసిపోతుంది. అన్నం ముద్ద కాదు కదా, మంచినీళ్ళు మింగాలన్నా ఏడుస్తారు. పెద్ద పెద్ద మగవాళ్ళు చిన్నపిల్లల్లా ఏడవడం చూశాను. 2003లో, అది కూడా మలేసియాలోనే, నలభై మంది రోగుల మీద ఒక ప్రయత్నం చేశారు. సగం మందికి రేడియేషన్‌కి పావుగంట ముందు, అయ్యాక పావుగంటకి, మళ్ళీ ఆరు గంటలకి ఇరవై మిల్లీలీటర్ల చొప్పున తేనె ఇచ్చారు. తేనె తీసుకోనివాళ్ళలో నూటికి 75 మందికి నోరు తీవ్రంగా పూస్తే, తీసుకున్నవాళ్ళలో అది నూటికి 20 మందే. ఆ పేపరు మా డాక్టరు గారు చదివి చెప్పాక మేమూ కొందరికి ఇచ్చి చూశాం. మందు కొలిచే చిన్న కప్పులో పోసి, నోరంతా తిప్పుకుని నెమ్మదిగా మింగమనేదాన్ని. పలాస నుంచి వచ్చిన ఒకాయన, జీడిపప్పు బట్టీలో పనిచేసేవాడు, కప్పు అడుగున మిగిలింది కూడా వేలితో తీసి నాకేవాడు. "సిస్టరమ్మా, ఈ వార్డులో నొప్పి పుట్టించనిది ఇదొక్కటే" అనేవాడు.

అన్ని చోట్లా ఒకే ఫలితం రాలేదని కూడా చెప్పాలి. ఇంగ్లండులో మాంచెస్టర్‌లో న్యూజిలాండ్ మనూకా తేనెనీ మామూలు పంచదార పాకాన్నీ పక్కపక్కన పెట్టి చూశారు. నోటి పూత విషయంలో తేనెకి పాకం కంటే ఎక్కువ బలం కనబడలేదు. 2012లో ఆ సంగతి బయటపెట్టారు. అయినా ఇప్పటి అంతర్జాతీయ మార్గదర్శకాలు, ఇలాంటి రోగులకి నోటి పూత రాకుండా తేనె వాడొచ్చనే చెబుతున్నాయి. కానీ అది వైద్యం వల్ల కాలిన నోటికి ఊరట. క్యాన్సర్ మీద పనిచేసేది మాత్రం రేడియేషనే.

నాకు భయమంతా ఆ ఊరట గురించే. తేనె రాస్తే మంట తగ్గుతుంది. మంట తగ్గితే మచ్చ తగ్గుతోందనుకుంటావు. మీ అమ్మమ్మ విషయంలో అదే జరిగింది.

నువ్వు పుట్టక ముందే పోయింది కాబట్టి నీకు ఆమె ఫోటోలోనే తెలుసు. సముద్రం ఒడ్డు ఊళ్ళలో అప్పట్లో ఆడవాళ్ళు చాలామంది కాల్చినట్టే మా అమ్మా అడ్డపొగ కాల్చేది. చుట్ట వెలిగించి రెండు దమ్ములు లాగి, నిప్పు వైపు నోట్లోకి తిప్పేసేది. అలాగే నోట్లో నిప్పుతో చేపలు ఎండబెట్టేది, మాట్లాడేది, మమ్మల్ని తిట్టేది. గాలికి ఆరిపోదనీ, చుట్ట ఎక్కువసేపు వస్తుందనీ అనేవారు. అంగిలికి క్యాన్సర్ రావడం మిగతా చోట్ల అరుదు, ఈ అలవాటున్న ఊళ్ళలో కాదు. డెన్మార్క్ డాక్టరు పిండ్‌బోర్గ్, మన దేశం వాళ్ళతో కలిసి, మన శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్ళు చూసి 1971లో రాశారు. ఆ పల్లెల్లో మనదీ ఉందో లేదో గానీ, నేను బడికెళ్ళే వయసులో టార్చీలు పట్టుకొచ్చిన డాక్టర్లు నోరు తెరవమంటే మా అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి పోవడం మాత్రం గుర్తుంది.

తర్వాత నేను నర్సింగ్ చదువుతున్న రోజుల్లో ఒకసారి ఇంటికొస్తే, అన్నం కూడా మండుతోందంది. లాంతరు వెలుగులో నోరు తెరిపించి చూశాను. అంగిలి పెచ్చులూడిన సున్నపు గోడలా తెల్లగా ఉంది, మధ్య మధ్య ఎర్రటి చుక్కలు. అప్పటికి నాకు తెలిసింది తక్కువ. సంతలో సవర వాళ్ళు అమ్మే కొండతేనె సీసా కొని నేనే తెచ్చిచ్చాను. వారం తిరిగేసరికి మంట తగ్గిందని నవ్వింది. నాకూ గొప్పగా అనిపించింది. ఎనిమిది నెలలు గడిచాక విశాఖ తీసుకెళ్తే, ఎందుకింత ఆలస్యం చేశారని అడిగారు. ఏం చెప్పను?

నీది అంతటిదని కాదు. తెల్లమచ్చలన్నీ క్యాన్సర్లు కావు. చాలావరకు కావు. ఖైనీ మానేస్తే కొన్ని వాటంతట అవే పోతాయి కూడా. కానీ ఏది పోతుందో, ఏది పోదో వీడియో చెప్పలేదు, నేనూ చెప్పలేను. ఈ రాత్రికి అద్దం ముందు నిలబడి సెల్‌ఫోన్ లైటు వేసుకుని చూడు. మచ్చ ఎర్రగా గానీ, తెలుపు ఎరుపు కలిసి గానీ ఉందా? వేలితో నొక్కితే గట్టిగా తగులుతోందా? నోరు పూర్తిగా తెరిచి మూడు వేళ్ళు నిలువుగా పెట్టు. పట్టకపోతే నాకు వెంటనే చెప్పు. ఏదీ లేకపోయినా, రెండు మూడు వారాలు దాటిన మచ్చని డాక్టరుకి చూపించాల్సిందే. కేరళలో తిరువనంతపురం దగ్గర ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి వట్టి కళ్ళతో, టార్చీతో నోళ్ళు చూశారు. అంతే. పొగాకో మందో అలవాటున్నవాళ్ళలో నోటి క్యాన్సర్ చావులు మూడో వంతు తగ్గాయని 2005లో లెక్క తేలింది. తొందరగా చూడటంలో అంత ఉంది.

ముక్క తీస్తే పాకుతుందని మీ ఫ్రెండ్స్ ఎవరైనా చెబుతారు. వినకు. గింజంత ముక్క తీసి పరీక్షకి పంపుతారు, దానివల్ల పాకదు. ఖైనీ మానడానికి ఫోన్‌లో సాయం చేసే ప్రభుత్వ నంబరుంది, 1800 11 2356, డబ్బులు పడవు. నాతో మాట్లాడటం సిగ్గనిపిస్తే వాళ్ళతో మాట్లాడు.

శుక్రవారం సాయంత్రం విశాఖలో గోదావరి ఎక్కుతున్నాను. టికెట్ కన్ఫర్మ్ అయింది. శనివారం పొద్దున్న పదిన్నరకి నోటి సర్జన్ దగ్గర అపాయింట్‌మెంట్ నేనే తీసుకున్నాను, నీ పేరు మీద. ఆఫీసుకి సెలవు పెట్టు. మీ నాన్నకి నీ వంట చూసి రావడానికని చెప్పాను. సీతంపేట తేనె సీసా ఒకటి తెస్తున్నాను, అది దిబ్బరొట్టెలోకి. అప్పటిదాకా మచ్చ మీద ఏమీ రాయకు, ఉన్నది ఉన్నట్టు డాక్టరుకి కనబడాలి.

అమ్మ