వచ్చే రోలర్ కోస్టర్ మా మోటబావిలో దిగాలి

సంపాదక మహాశయులకు నమస్కారం.

ఫ్యూచర్ సిటీ గురించి మీ పత్రికలో వచ్చే వార్తలు ఒక్కటి వదలకుండా చదువుతున్నాను. హైదరాబాద్ దగ్గర శ్రీశైలం రోడ్డుకు, సాగర్ రోడ్డుకు నడుమ వచ్చే నగరం అంటే నల్లగొండ వాళ్ళకూ పాలమూరు వాళ్ళకూ పక్కిల్లే. అక్కడ ఏమేం కడతారో మా షాపు ముందు చాయ్ తాగేవాళ్ళు రోజుకొకటి చెబుతారు. మొన్న ఒకాయన ఏకంగా డిస్నీలాండునే దించేశాడు. ఆ మాటల్లో నిజమెంతో పక్కన పెడదాం. ఈ వైపు కొత్త పార్కు ఏదొచ్చినా అందులో ఏముంటే బాగుంటుందో నా మనసులో ఒక లెక్క ఉంది. అది చెబుదామనే ఈ ఉత్తరం.

నల్లగొండలో దేవరకొండ రోడ్డు మీద ముప్పై ఏళ్ళుగా వెల్డింగ్ షాపు నడుపుతున్నాను. గేట్లు, గ్రిల్సు, రేకుల షెడ్లు, ట్రాక్టర్ ట్రాలీలు నా పని. గేట్లు అతికేవాడికి రోలర్ కోస్టర్ల సంగతి ఎందుకంటారేమో, మా నాయిన జాతరల్లో రంగులరాట్నం తిప్పినవాడు. చెర్వుగట్టుకు, పెద్దగట్టుకు ఎడ్లబండి మీద దూలాలు వేసుకొని పోయేది మా కుటుంబం. నాలుగు పెట్టెల రాట్నం. మోటారు లేదు. ఇద్దరు మనుషులు పైకెక్కి కాళ్ళతో తోసి తిప్పేవాళ్ళు. జనం రాకముందే నాయిన పానా పట్టుకొని ఒక్కో బోల్టు మీద కొట్టి, చెవి పెట్టి వినేవాడు. కంచులా ఖంగున మోగితే సరే. పగిలిన కుండలా మొద్దుగా పలికితే ఆ పెట్టె ఆ రోజుకు ఖాళీగా తిరగాల్సిందే, ఎంత గిరాకీ ఉన్నా సరే. "ఇనుము మాట్లాడుతది బిడ్డా, మనమే ఇనం" అనేవాడు.

ఇవాళ పెద్ద పార్కుల్లో అదే పని అల్ట్రాసౌండుతో చేస్తారు. ఆసుపత్రిలో కడుపులో బిడ్డను చూసినట్టు వెల్డింగ్ లోపలి పగులును చూస్తారు. మనుషులను ఎక్కించకముందు సీట్లలో నీళ్ళు నింపిన బొమ్మలను కూర్చోబెట్టి తిప్పుతారు. ఇది చదివిన రోజు నాయిన గుర్తొచ్చి అన్నం సయించలేదు.

పోయిన దసరా సెలవుల్లో మా బిడ్డ, అల్లుడు నన్నూ మనుమణ్ణీ హైదరాబాద్ వైపు ఒక పార్కుకు తీసుకుపోయారు. కోస్టర్ దగ్గర ఎత్తు చూసే గీతకు మనుమడు రెండు వేళ్ళు తక్కువయ్యాడు. వాడి ఏడుపు ఆపలేక వాళ్ళమ్మ ఐస్‌క్రీం కొనివ్వడానికి పోయింది. టికెట్టు దండగెందుకని నేనొక్కణ్ణే ఎక్కాను. గొలుసు పైకి లాగుతుంటే కింద టకటకమని చప్పుడు. భయపెట్టడానికి పెట్టింది కాదది. బండి వెనక్కి జారకుండా కొక్కెం ఒక్కో పన్ను దాటి పడుతున్న చప్పుడు. మా షాపులో జాకీకి ఉన్నదీ అదే ఏర్పాటు. శిఖరం దాటాక ఆ బండిని లాగే మోటారు లేదు, అంతా దాని బరువే. పట్టా పైన ఒక చక్రం, పక్కన ఒకటి, కింద ఒకటి ఉంటాయి కాబట్టి తలకిందులైనా ఊడిపడదు. ఆ కింది చక్రానికి అమెరికాలో జాన్ మిల్లర్ అనే ఆయన 1919లోనే పేటెంట్ తీసుకున్నాడు. దిగేసరికి నా మోకాళ్ళు వణుకుతున్నాయి గానీ, నిజం చెప్పాలంటే మళ్ళీ ఎక్కాలనిపించింది.

బయటికొచ్చాక మనుమడు ఒక ఫైబర్ కోట బురుజు ముందు నిలబడి అడిగాడు: "తాతా, ఇది దేవరకొండ ఖిల్లానా?"

కాదురా, ఇది ఏ దేశపుదో అన్నాను. కోట, సముద్రపు దొంగల ఓడ, మమ్మీలు: మన దేశంలో చాలా పార్కుల్లో ఇవే. సముద్రం మొహం చూడని నల్లగొండ పిల్లవాడికి దొంగల ఓడ ఎందుకు?

అందుకే నా ఊహ మోటబావితో మొదలవుతుంది. చిన్నప్పుడు మా అమ్మగారి ఊళ్ళో మా తాత మోట కొట్టేవాడు. ఎడ్లు వాలులో కిందికి నడిస్తే గిలక మీదుగా మోకు లాగుకొని తోలు మోట నీళ్ళతో పైకొచ్చేది. నీళ్ళు కుమ్మరించాక ఎడ్లు వెనక్కి అడుగులేస్తూ పైకెక్కేవి, మోట మళ్ళీ బావిలోకి దిగేది. ఎడ్లు వాలు దిగేటప్పుడు తాత మోకు మీద కూర్చునేవాడు, ముందు నన్ను కూర్చోబెట్టుకొని. మోకు బిగిసి, కింద నేల జారిపోతున్నట్టుండి, కడుపులో గిలిగింత పుట్టేది. నేనెక్కిన మొదటి రోలర్ కోస్టర్ అదే. తర్వాత కరెంటు మోటార్లొచ్చి ఆ మోటా పోయింది, ఆ ఎడ్లూ పోయాయి.

ఇప్పుడు చూడండి. ముందుకు పోయి, అదే దారిన వెనక్కి వచ్చే కోస్టర్లు ఎప్పటి నుంచో ఉన్నాయి. నెదర్లాండ్స్‌కు చెందిన వెకోమా కంపెనీ వాళ్ళు 1984లో తెచ్చిన వాటికి బూమెరాంగ్ అని పేరు పెట్టారు. అచ్చం మోట ఎడ్ల నడకే. ఇంగ్లండులో ఆల్టన్ టవర్స్ అనే పార్కులో 1998లో ఆబ్లివియన్ అనే కోస్టర్ పెట్టారు. అది అంచు మీద కొన్ని క్షణాలు ఆపి, కిందికి చూపించి, దాదాపు నిట్టనిలువుగా నేలలోని చీకటి గుంతలోకి వదిలేస్తుంది. ఆ గుంత చుట్టూ రాతి ఒర కట్టండి, పైన గిలక పెట్టండి, ఎడ్ల గజ్జెల చప్పుడు వినిపించండి. బండి అంచు మీద ఆగినప్పుడు లోపలి నుంచి నీటి చల్లదనం మొహానికి తగలాలి. ఏ దేశం బొమ్మా అరువు తెచ్చుకోనక్కర లేదు.

స్థలం సంగతికొస్తే, మన దగ్గర గ్రానైటు తవ్వి వదిలేసిన క్వారీ గుంతలు బోలెడున్నాయి. వాననీళ్ళు నిండి, ఈతకు దిగిన పిల్లల ప్రాణాలు తీయడానికి తప్ప ఎందుకూ పనికిరాకుండా ఉన్నాయి. అదే ఆల్టన్ టవర్స్‌లో చెట్ల కొనలు దాటి ఏదీ కట్టకూడదని ఆంక్ష ఉండేది. వాళ్ళు చేతులు ముడుచుకోలేదు. రాతిని పేల్చి గుంతలు తవ్వి 1994లో నెమెసిస్ అనే కోస్టర్‌ను నేలలోనే మెలికలు తిప్పారు. ఇనుముకూ వయసుంటుంది కదా, దానికి కొత్త పట్టాలు వేసి 2024లో మళ్ళీ తెరిచారు. వాళ్ళు డబ్బు పోసి తవ్విన గుంత మనకు ఊరికే ఉంది. సౌదీలో రియాద్ దగ్గర ఖిద్దియాలో కట్టిన ఫాల్కన్స్ ఫ్లైట్ అనే కోస్టర్ కూడా కొండ అంచును వాడుకున్నదే. గంటకు 250 కిలోమీటర్ల వేగం, నాలుగు కిలోమీటర్లకు పైగా పట్టా.

అంత వేగం మనకు వద్దు. ఎత్తు కోసం పరుగు తీస్తే ఏమవుతుందో చూశాం. అమెరికాలోని న్యూజెర్సీలో 2005లో వచ్చిన కింగ్డా కా అనే కోస్టర్ ఎత్తు 139 మీటర్లు, మన సాగర్ డ్యాం కంటే ఎక్కువ. 2025 ఫిబ్రవరిలో దాన్ని పేలుడు పెట్టి కూల్చేశారు. మూడు రోజులకొకసారి ఆగే పెద్ద యంత్రం కంటే రోజూ తిరిగే చిన్న రాట్నమే మేలని మా నాయినైతే అనేవాడు.

మన దేశంలోనూ మార్పు మొదలైంది. మహారాష్ట్రలో ఖోపోలి దగ్గర ఇమాజికా పార్కులో 2013 నుంచి ఉన్న నైట్రో అనే కోస్టర్‌ను స్విట్జర్లాండ్ కంపెనీ బొల్లిగర్ అండ్ మాబిలార్డ్ చేసింది. హైదరాబాద్ దగ్గర రావిరాలలో 2016లో పార్కు తెరిచిన వండర్‌లా వాళ్ళు చెన్నైలో కొత్త పార్కుకు అదే కంపెనీ కోస్టర్ తెచ్చారు. కాళ్ళు గాల్లో వేలాడే రకం. పేరు తంజోరా. ఇంగ్లిషు పేరు కాకుండా తంజావూరు వినబడే పేరు పెట్టినందుకు సంతోషించాను. తమిళులకు తంజావూరైతే, మాకు పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం ఉంది. పగలంతా గర్భగుడిలో కదలకుండా నిలిచే నీడను చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. మన వెంట కదిలే నీడల నడుమ కదలని నీడ ఒకటి ఉండేలా చీకట్లో సాగే రైడు ఒకటి కట్టొచ్చు.

సాగర్ డ్యాం మీద కూడా నాకొక ఊహ ఉంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేసిన ఆ కట్టను పరంజాల మీదుగా రాళ్ళు మోసి కట్టారు. చెక్క కోస్టర్ కింది నుంచి చూస్తే అచ్చం పరంజాలాగే ఉంటుంది. దాని మీద తిరిగి తిరిగి, చివర 26 గేట్లు ఎత్తినట్టు నీళ్ళు దూకుతుంటే ఆ తుంపర్లలోంచి బయటపడాలి. ఇది మా బావమరిదికి చెబితే కోపమొచ్చింది. వాళ్ళది కల్వకుర్తి వైపు. వాళ్ళ తాత గుంపుమేస్త్రీ వెంట డ్యాముల పనులకు తిరిగినవాడు. "చచ్చేదాకా నడుము నొప్పి అన్నడు ముసలాయన. దాన్ని మీరు ఆట చేస్తరా?" అన్నాడు. నెదర్లాండ్స్‌లో ఎఫ్టెలింగ్ పార్కులో 2015లో గని పేరుతో బారన్ 1898 అనే కోస్టర్ పెట్టారని, గని పనీ కష్టమే కదా అని వాదించాను. కోస్టర్ కోసం గంటసేపు లైన్లో నిలబడే మనిషికి పాలమూరు కూలీల గుంపుల కథ చెబితే తప్పేముందన్నాను. అతను ఒప్పుకోలేదు. నేనూ గెలిచానని అనుకోవడం లేదు. అలాంటిది కడితే ముందు ఆ కుటుంబాలనే అడగాలి.

ఎండ సంగతి మరిచిపోవద్దు. ఏప్రిల్, మే నెలల్లో మా దగ్గర ఇనుప గేటు పట్టుకుంటే చెయ్యి కాలుతుంది. లైన్లకు నీడ, సాయంత్రం నుంచి రాత్రి దాకా ఆట, చల్లని మంచినీళ్ళు. నల్లగొండ వాళ్ళం మంచినీళ్ళ గురించి కొంచెం గట్టిగానే అడుగుతాం, మా ఫ్లోరైడ్ నీళ్ళ బాధ అందరికీ తెలుసు. పైగా చక్రాలు, గ్రీజు వేడెక్కాక బండి పొద్దుటి కంటే సాయంత్రం వేగంగా పోతుంది, కాబట్టి రాత్రి ఆటే అసలు మజా. జాగ్రత్తల బోర్డు తెలుగులో, పెద్దక్షరాల్లో ఉండాలి. ఎత్తు సరిపోని పిల్లలకు అదే బావి పక్కన చేత్తో తిప్పే నాలుగు పెట్టెల రాట్నం ఒకటి పెట్టాలి. మా మనుమడు ఇంకో ఏడాదైనా అందులోనే కూర్చోవాలి.

పర్యాటక శాఖ వారిని, పార్కు కంపెనీల వారిని మీ పత్రిక ద్వారా కోరేది ఇంతే: నక్షా ఖరారు చేయకముందు ఒకసారి మా క్వారీ గుంతలు, మా ఖిల్లాలు చూసి పోండి. నాయిన రాట్నం ఇరుసు ఇంకా మా షాపులో గోడకు ఆనించి ఉంది. అరిగిపోయింది గానీ పానాతో కొడితే ఇప్పటికీ ఖంగుమంటుంది. నక్షా గీసేవారు ఎవరైనా వస్తే చూపిస్తాను. ఆదివారం మాత్రం షాపు బంద్.

ఇట్లు,
ఒక వెల్డింగ్ షాపు యజమాని,
దేవరకొండ రోడ్డు, నల్లగొండ